పెదనాన్న కాపాడిన ఎర్ర కారు

నవంబరు ఏడు, శుక్రవారం. పొద్దున్నే ఆశ్చర్యం. దోహాకు దగ్గరి మెసయీద్‌లో మా క్వార్టర్ ముందు పెదనాన్న యజమాని నిలబడి ఉన్నారు, తానే కారు నడుపుకుంటూ వచ్చి. పెదనాన్న గుండెపోటుతో పోయి నేటికి పదిహేను రోజులు. దోహాలోని వారింటికి ఇరవై ఆరేళ్ళు ఆయనే డ్రైవరు.

ఆ ఇంట్లో ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది. తయారుచేసిన కంపెనీ అలాంటివి కొద్ది కార్లే చేసి, ఒక్కొక్కదానికీ వరుస సంఖ్య వేసి, ఆపేసింది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నంత ఎత్తు. దాన్ని తుడిచే ముందు పెదనాన్న తన ఉంగరం తీసి జేబులో వేసుకునేవారు. తలుపు మీద గోరంత గీత ఉండేది. రంగు వేయిద్దామని యజమాని కొడుకు ఎన్నిసార్లు అన్నా పెదనాన్న వేయనివ్వలేదు. ఎందుకని నేనడిగాను.

"కొత్త రంగు ఎవురైనా ఏస్తారు పాపా. పుట్టినప్పటి రంగు ఒగసారి పోతే మళ్లా యాడ తెస్తాం?"

యజమాని వచ్చిందీ ఆ కారు పనిమీదే. రేపు పాత కార్ల ప్రదర్శన. పరీక్షించే నిపుణుడు ఈ మధ్యాహ్నమే వస్తున్నాడు. ఇక్కడి ఎండకు ఇంజను ఆగిపోతోందని ఎప్పుడో దానికి పెట్రోలు అందించే కార్బురేటర్లు తీసి వేరేవి బిగించారు. పాతవి చూపకపోతే కారును "మార్చినది" అని రాసేస్తాడు. ఆ మాట పడితే ఇక చెరగదు. ఆ ఇంటి నాలుగు పాత కార్ల సామానూ పెదనాన్న గుడ్డల్లో చుట్టి బిస్కట్ డబ్బాల్లో దాచారు. ఏది దేనిదో చీటీల మీద ఉంది, తెలుగులో.

వాటిని చదవడానికి నాన్నా నేనూ వెళ్ళాం. పదకొండో డబ్బాలో దొరికాయి, పైన చీటీతో. "ఎర్రకారువి. ఎండకు తీసినా. మళ్లా పెట్టాల." ఒక్క మాట ఎక్కువ లేదు. అంత పొదుపుగా రాయడం నాకింకా చేతకాదు. కింద ఇంకో వరుస చూసి ఆగాను. యజమాని కొడుకు అదీ చదవమన్నాడు. ఆయన్ని పెదనాన్న చిన్న బాబా అనేవారు.

"చిన్న బాబాకు చూపీగాకండి, పారేస్తాడు."

హిందీలో చెప్పగానే అందరికన్నా ముందు నవ్వింది ఆయనే. నిజమే, పారేసేవాణ్ణి అన్నాడు.

నిపుణుడు భూతద్దం పెట్టి కార్బురేటర్ల మీది అంకెలను తన జాబితాతో ఒక్కొక్కటే పోల్చాడు. తలుపు గీత దగ్గర చాలాసేపు వంగి ఉన్నాడు. ఇంతకన్నా వేగంగా పోయే కార్లు దోహాలో ప్రతి సిగ్నల్ దగ్గరా కనిపిస్తాయి, పుట్టినట్టే మిగిలిన కారు మాత్రం అరుదు అంటూ లేచి, "ఒరిజినల్" అని రాశాడు. యజమాని నాన్నను కౌగిలించుకుని, గెలిచింది నేను కాదు, నీ అన్న అన్నారు.

రేపు కారును ప్రదర్శన మైదానంలోకి నడపమని తాళం నాన్నకే ఇచ్చారు. పెదనాన్న తానున్నన్నాళ్ళూ నాన్నను దాని మీద చెయ్యి కూడా వేయనివ్వలేదు. రేపు పొద్దున ఆరింటికి బయలుదేరాలి. స్టీరింగు దగ్గర నాన్న, పక్క సీట్లో నేను, నా ఒడిలో చీటీ తీయని ఆ బిస్కట్ డబ్బా.