నడుస్తున్న పొయ్యికి ప్రారంభోత్సవం

శాస్త్రీయ దృక్పథం మీద అరగంట మాట్లాడమని తార్నాక పక్కనున్న ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచి పిలుపు వచ్చింది. సదస్సు విషయం: జాతీయ సాంకేతిక విధానంలో గణాంక సూచికల పాత్ర. ఆహ్వాన పత్రం నెత్తిన వినాయకుడి బొమ్మ అచ్చు వేశారు. ఏళ్ల తరబడి ముహూర్తాలనూ కొబ్బరికాయలనూ తిట్టిపోస్తున్నవాణ్ని పిలిచారంటే, నా వ్యాసాలు వాళ్లు చదవలేదన్నమాట. చదివినవాళ్లకు మళ్లీ చెప్పడం దేనికి, చదవనివాళ్లకే చెబుదామని బయల్దేరాను.

కాజీపేటలో పొద్దున ఆరున్నర ప్రాంతంలో ఎక్స్‌ప్రెస్సు దొరికితే తొమ్మిదికల్లా సికింద్రాబాదులో దిగవచ్చు. జనరల్ పెట్టెలో సీటు కావాలంటే మాత్రం సభ్యత కాసేపు పక్కనపెట్టి ఎక్కాలి. నేను పక్కనపెట్టాను, కిటికీ దొరికింది. ఎదుటి సీటులో తెల్లచొక్కా ఆసామి కూతురికి సంబంధం మాట్లాడటానికి వెళ్తున్నాడు.

"ముప్పై ఆరు గుణాలకు ఇరవై ఎనిమిది కలిసినయి సార్. ఇగ సూసుడేముంది?" అన్నాడు.

"పిల్లవాణ్ని చూశారా?"

"లే. గిప్పుడు సూడనీకేగదా పోతున్న."

మార్కులు ముందు వేసి మనిషిని తర్వాత చూసే దేశంలో సూచికల సదస్సు పెట్టుకోవడం ఎంతో అవసరమనిపించింది.

సికింద్రాబాదు నుంచి తార్నాకకు మెట్రో ఉంది, త్వరగా చేరుస్తుంది. మనుషుల మాటలు వినాలంటే మాత్రం సిటీ బస్సే మేలు. బస్సులో పూలగంప పట్టుకున్న పెద్దావిడ ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు తీసుకోనని మొండికేసింది. పైసలు లేని ప్రయాణానికి ఆ కాగితం ఎందుకని ఆమె వాదన.

"టికెట్ తీస్కోకుంటే నువ్వు బస్సెక్కనట్టే లెక్క, అమ్మా!" అన్నాడు కండక్టరు.

"మరి గీడ నిలబడ్డదెవరు, నీ అత్తనా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి ఆ నవ్వు కాస్త తగ్గింది.

తార్నాక చౌరస్తాలో దిగి ఇడ్లీ తిన్నాను. చట్నీ రెండోసారి అడిగితే వేస్తారు, మూడోసారి అడిగితే చూస్తారు. అక్కణ్ణుంచి క్యాంపస్‌లోకి చెట్ల నీడన నడిచిపోవచ్చు. సదస్సు పదింటికన్నారు. కానీ ఆ సూచికల నివేదిక ఆవిష్కరించవలసిన పెద్దమనిషి రాహుకాలం దాటాక గానీ కారు దిగనన్నాడట. రాహువు వెళ్లేదాకా దేశ సాంకేతిక భవిష్యత్తు వరండాలో సమోసా తింటూ నిలబడింది.

సూచికల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పరిశోధనకు ఎంత ఖర్చవుతోంది, ఎన్ని పేటెంట్లు వస్తున్నాయి, ప్రయోగశాలలో పుట్టినవాటిలో ఎన్ని జనం వాడకంలోకి వచ్చాయి అని లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి వచ్చే ఏడాది డబ్బు ఎటు పోవాలో తేలుస్తారు. మంచి పద్ధతే. నోటికొచ్చిన మాటకంటే కొలిచిన అంకె ఎప్పుడూ మేలు. జ్వరానికి తాయెత్తు కట్టబోతే థర్మామీటరు పెట్టండని వాదించి తన్నులు తినబోయినవాణ్ని నేను. కాకపోతే థర్మామీటరు రోగి నోట్లో పెట్టాలి, రోగి ఫోటోకు ఆనించకూడదు.

ఆవిష్కరణ ముగిశాక టీ ఇచ్చారు. కప్పు అందుకుంటుంటే ఒకమ్మాయి దగ్గరికొచ్చింది.

"సార్, నేను స్వరూప. ఈడనే రీసెర్చ్ చేస్తున్న. మా బాపు మీ మీటింగులకు వచ్చేటోడు. మీరు తాగుతున్న చాయ్ మా గ్యాస్ మీద కాగిందే."

ఆడపిల్లల హాస్టల్ మెస్సులో పారేసే అన్నం, కూరగాయల తొక్కల నుంచి గ్యాసు తీసే ప్లాంటు ఆమె కట్టింది. రెండేళ్లుగా ఆగకుండా నడుస్తోంది. ఆ సాయంత్రం ఢిల్లీలో నిధులిచ్చేవాళ్లకు వెళ్లే పట్టికలో మాత్రం "వాడకంలోకి వచ్చిన సాంకేతికతలు" అన్నచోట ఆమె ప్రాజెక్టుకు సున్నా వేశారు. సున్నా వస్తే ప్రాజెక్టు మూత. షెడ్డు ఇంకొకరి పాలవుతుంది, ప్లాంటు పాత ఇనుమవుతుంది, స్వరూప ఫెలోషిప్ అక్కడితో సరి.

"సున్నా ఎందుకు?"

"ఓపెనింగ్ కాలేదు సార్. సిలిండర్లు రాని దినం మెస్సుల వండే అనసూయక్క మా గ్యాస్‌తోని పొయ్యి ముట్టిచ్చింది. గంతే, షురూ అయింది. రిబ్బన్ ఎవరికి యాదికుంటది?"

నమ్మలేక సదస్సు నిర్వాహకుడు శేషగిరిరావు గారి దగ్గరికి వెళ్లాను. గుంటూరు వైపు నుంచి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడిన ఆచార్యుడు. చాలా మర్యాదస్తుడు. ఆ పట్టిక నింపేదీ ఆయనే.

"వాడకంలో ఉందో లేదో మీకెలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

"ప్రారంభోత్సవం తేదీ ఉంటుంది, ఫోటో ఉంటుంది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలండీ?"

"వెళ్లి చూడవచ్చు కదా. నాలుగడుగుల దూరంలోనే ఉంది."

"మీరు చూశారు, నేను చూశాను అంటే అది గణాంకం అవుతుందా? అభిప్రాయం అవుతుంది" అన్నారాయన, జాలిగా.

ఢిల్లీ వాళ్లు అడిగింది వాడకం గురించే. వాడకమంటే రిబ్బను కత్తిరించడమని అర్థం చెప్పుకున్నది మనవాళ్లు. పక్క భవనంలో నీళ్లు శుద్ధిచేసే యంత్రం ఒకటి ఉంది. చెడినప్పుడల్లా బాగుచేయించి, బాగుచేసినప్పుడల్లా ఒక పెద్దమనిషిని పిలిచి మళ్లీ ప్రారంభించారు. పట్టికలో దానికి మూడు వేశారు. వెళ్లి చూస్తే గదికి తాళం ఉంది. కిటికీలోంచి తొంగిచూస్తే యంత్రం మీద పావురం గుడ్లు పొదుగుతోంది. అక్కడ వాడకంలో ఉన్నది అదొక్కటే.

మూడింటికి నా వంతు వచ్చింది. తయారుచేసుకున్న ఉపన్యాసం జేబులోనే ఉంచి, తాళం, పావురం, సున్నా అన్నీ చెప్పాను. చెడిపోతేనే మార్కులొచ్చే పరీక్షలో చెడిపోని యంత్రం తప్పకుండా తప్పుతుందన్నాను. హాలు చప్పట్లతో మారుమోగింది. శేషగిరిరావు గారు అందరికంటే గట్టిగా కొట్టారు, శాలువా కూడా కప్పారు.

"అక్షరాలా నిజం చెప్పారండీ. మరి పట్టిక ఐదింటికి పంపాలి. ఆ అమ్మాయి ప్లాంటుకు ప్రారంభోత్సవం తేదీ గడి ఖాళీగా ఉందే, ఏం చెయ్యమంటారు?" అన్నారు చెవిలో.

నా జీవితంలో ఇన్ని చప్పట్లు ఇంత వృథాగా ఎప్పుడూ పోలేదు.

బయట మెట్ల దగ్గర స్వరూప నిలబడి ఉంది. "సార్, బయటి నుంచి వచ్చిన అతిథి రిబ్బన్ కట్ చేస్తే చాలంట. మీరే చేయున్రి" అంది.

"నేనా? ఇంతవరకూ ఒక్క రిబ్బనూ ముట్టుకోలేదమ్మా."

"మీరు ముట్టుకోకుంటే నా షెడ్డు పోతది సార్. మీ ఇష్టం."

నా నియమాన్ని కాపాడుకుంటే ఆ అమ్మాయి పని పోతుంది. నియమాలు మనుషుల కోసమని వందసార్లు రాసినవాణ్ని, ఆ మాటకు కట్టుబడి మెస్సు వైపు నడిచాను.

అనసూయమ్మ వారాసిగూడ నుంచి రోజూ వచ్చి ఆ మెస్సులో వంట చేస్తుంది. మేము వెళ్లేసరికి నీలి మంట మీద పెద్ద గుండిగలో రాత్రి పప్పు ఉడుకుతోంది. శేషగిరిరావు గారు ఫోటో తీసే మనిషిని వెంటపెట్టుకొచ్చి, "ఒక్క నిమిషం పొయ్యి ఆర్పమ్మా. మళ్లీ వెలిగిస్తే కదా ప్రారంభోత్సవం" అన్నారు.

"నేను ఆర్ప! పప్పు సగం ఉడికింది. ఇప్పుడు ఆపితే పలుకులైతది, పిల్లలు నన్ను తిడతరు."

"ఫోటో కోసం అమ్మా."

"ఫోటోను తింటరా సార్, పిల్లలు?"

స్వరూప నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. చివరికి రాజీ కుదిరింది. పొయ్యి ఆరలేదు. ఎవరి జడ నుంచో అడిగి తెచ్చిన ఎర్ర రిబ్బను గ్యాసు పైపుకు చుట్టారు. కూరగాయలు తరిగే కత్తితో నేను కోశాను. నలుగురు చప్పట్లు కొట్టారు. అనసూయమ్మ గరిటె ఆపకుండానే, "ఐపోయిందా? పక్కకు జరగున్రి" అంది.

ఐదు కొట్టకముందే సున్నా ఒకటయింది.

తిరుగు ప్రయాణంలో తార్నాక నుంచి మెట్రో ఎక్కాను. ఆఫీసులు వదిలే వేళ ఎక్కితే నిలబడటానికి కాళ్లు కూడా అక్కర్లేదు, చుట్టూ ఉన్న జనమే నిలబెడతారు. సికింద్రాబాదులో వరంగల్ వైపు రైలు కదిలాక స్వరూప ఫోన్ చేసింది.

"సార్, షెడ్డు ఉంటది! పట్టికల ఒకటి సూసి యూనివర్సిటీ ఆఫీసోళ్లు ఇంకో ఏడాది ఇచ్చిన్రు."

"సంతోషం తల్లీ."

"కానీ సార్, వచ్చే ఏడు ఒకటి ఒకటిగనే ఉంటే ఎదుగుదల లేనట్టంట. రెండన్నా కావాల్నంట. మళ్లొస్తరా?"

వస్తానన్నాను. ఇంకేమనను? అంకెలను ద్వేషించేవాళ్లు ఈ కథ విని సంబరపడొద్దు. ఆ పొయ్యి రోజుకెన్ని గంటలు వెలుగుతోందో, ఎన్ని సిలిండర్లు మిగిలాయో లెక్కపెట్టి ఉంటే స్వరూపకు నా అవసరమే ఉండేది కాదు. కొలవకపోవడం మౌఢ్యం. తాంబూలానికీ ఫోటోకూ దొరికేదాన్ని మాత్రమే కొలవడం చదువుకున్న మౌఢ్యం. రెండోది వదిలించడం కష్టం, దానికి పట్టికలుంటాయి.

పక్క సీటులో జనగామలో దిగబోయే రైతు నా మెడలోని శాలువా చూసి అడిగాడు.

"యాడికి పోయొస్తున్నరు సార్?"

"ఒక గ్యాసు ప్లాంటు ప్రారంభోత్సవానికి."

"ఎప్పుడు నడుస్తదంట?"

"రెండేళ్లుగా నడుస్తోంది."

ఆయన తల ఊపాడు. "మీదే నయం సార్. మా ఊర్ల నీళ్ల ట్యాంకుకు రిబ్బన్ కోసి మస్తు ఏండ్లాయె. ఇంకా నీళ్లు రాలే."