తాళ్ళ వీధిలో కుడిచేతి ఇల్లు

మా పెద్దనాన్న బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఎవరినీ దారి అడగలేదట. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా ఆయనే చెప్తాడు. ఒకే రూటులో అటూ ఇటూ తిరిగే బస్సుకి దారి అడగాల్సిన ఖర్మేమిటని మా మేనత్త అంటుంది. ఆవిడ ఆయనకు స్వయానా చెల్లెలు. అన్నగారి గొప్పల్లో గాలి తీయడం ఆవిడకు మంచినీళ్ళు తాగినంత సులువు.

అంతటి మనిషీ తన తాతల ఇల్లు మాత్రం కనుక్కోలేకపోయాడు. రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ వేరే వీధుల్లో తిరిగి, కాళ్ళు నొప్పులు పుట్టి వచ్చాడు. తప్పు తనది కాదట, వీధులదట.

ఆయన తాత, అంటే నాకు ముత్తాత, తాళ్ళు పేనేవాడు. ఓడలకూ గనులకూ ఆయనుండే తాళ్ళ వీధి నుంచే తాళ్ళు వెళ్ళేవి. మా తాతమ్మ నార పురి ఎక్కించే చక్రం తిప్పేది. మా తాతయ్య ఇంకా ఉయ్యాల దిగకముందే ఆవిడ పోయింది. ముత్తాత పిల్లాణ్ణి చంకనేసుకుని ఆ వీధి వదిలి వచ్చేశాడు. తాతమ్మకు ఫొటో అంటూ లేదు. తాతయ్యకు ఊహ తెలిశాక "నాన్నా, అమ్మ ఎలా ఉండేది?" అని అడిగితే, ముత్తాత ఇంటి గుర్తులు చెప్పేవాడట.

"చక్రం దగ్గర బయల్దేరు. బావి దాటాక కుడిచేతి వైపు మొదటి గుమ్మం. అక్కడ నుంచో."

ఎన్నిసార్లు అడిగినా ఇదే పాట. పెళ్ళాం పోయిన దిగులుతో మాట దాటేస్తున్నాడని అందరూ ఊరుకున్నారు. తాతయ్య తల్లి మొహం తెలియకుండానే పెద్దవాడై, ముసలివాడై, పోయాడు. పోయేముందు కూడా అదే తలుచుకున్నాడు. మొహం ఎలాగూ దొరకదు, ఆవిడ తిరిగిన గుమ్మమైనా ఒక్కసారి చూడాలని పెద్దనాన్న పట్టుదల. ఈ ఒక్క విషయంలో మేనత్త కూడా వేళాకోళం ఆడదు.

మూడోసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళమని ఆవిడే పురమాయించింది. "తమ్ముడి కూతురు పక్కనుంటే నీ పరువేం పోదులే. దాని ఫోనులో దారి కనిపిస్తుంది" అంది. పెద్దనాన్న దారంతా నా ఫోనుతో పోట్లాడాడు. అది ఎడమకు తిరగమంటే "దీనికి లైసెన్సు ఎవడిచ్చాడే?" అన్నాడు. అయినా చివరికి దాని మాటే విని తాళ్ళ వీధికి చేరాం. ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దని మాట తీసుకున్నాడు.

వీధి సన్నగా, గీత గీసినట్టు తిన్నగా ఉంది. మొదట్లో రేకుల షెడ్డు కింద ఒక అవ్వ పెద్ద చెక్క చక్రం తిప్పుతోంది. అడిగితే అన్నీ చెప్పే మనిషి ఎదురుగా కూర్చునుంది. పెద్దనాన్న అడుగుతాడా? చక్రానికి ఒక దండం పెట్టి, ఛాతీ విరుచుకుని బయల్దేరాడు. నడుముకు నార మోపు కట్టుకుని వెనక్కి వెనక్కి వస్తున్న ఒకతను కొంచెంలో ఈయన్ని గుద్దుకోబోయాడు.

"చూసి నడవవయ్యా! వెనకాల మనుషులుండరూ?" అని కసిరాడు పెద్దనాన్న. అతను నవ్వుకుని, పేనడం ఆపకుండా పక్కకు తప్పుకున్నాడు.

వీధి మధ్యలో బావి ఉంది, పైన బండ వేసి మూసేశారు. అది దాటగానే కుడిచేతి వైపు మొదటి గుమ్మం. ఇంటి ముందు గదిలో ఇస్త్రీ చేసే ఆయన బట్టలు రుద్దుతున్నాడు. పెద్దనాన్న ఆయనకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. ద్వారబంధాన్ని కౌగిలించుకుని భోరుమన్నాడు. "మా నాయనమ్మ తిరిగిన గడపయ్యా ఇది! మా నాన్న పుట్టిన ఇల్లు!" అంటూ గడప మీద కూలబడ్డాడు. ఇస్త్రీ ఆయన మంచివాడు. ఓదార్చడానికి పరుగున వచ్చి, చొక్కా మీంచి ఇస్త్రీపెట్టె తీయడం మర్చిపోయాడు. మాడు వాసన వచ్చేసరికి ఎవరిదో తెల్లచొక్కా వీపు మీద గోధుమరంగు అచ్చు పడిపోయింది.

"అదికాదండీ," అన్నాడాయన చొక్కా ఎత్తి చూస్తూ, "ఇది మొదట్నుంచీ మాదే. మా తాతల కాలంలో ఇక్కడ బొగ్గు అమ్మేవారట. ఈ ఇంట్లో తాడు పేనినవాళ్ళెవరూ లేరు."

పెద్దనాన్న ఏడుపు బ్రేకు వేసినట్టు ఆగింది. ఆ గోలకు చక్రం అవ్వ లేచి వచ్చింది. వెనక్కి నడిచినతను ఆవిడ కొడుకట. ఇక గత్యంతరం లేక పెద్దనాన్న ఆవిడకు గుర్తులు అప్పజెప్పాడు. అవ్వ అంతా విని అడిగింది.

"నువ్వు ఎటు మొహం పెట్టి నడిచావు బాబూ?"

"ముందుకే. మనిషన్నవాడు ఇంకెలా నడుస్తాడవ్వా?"

అవ్వకు నవ్వు ఆగలేదు. గోడ పట్టుకుని మరీ నవ్వింది. "తాడు పేనేవాడు ముందుకెప్పుడు నడిచాడయ్యా! చక్రం వైపు మొహం, వీధి వైపు వీపు. అలాగే వెనక్కి పోవాలి. పొద్దస్తమానం అదే నడక. మా వాళ్ళకి కుడీ ఎడమా అంటే అలా నడిచేటప్పటివే. మీ ఇల్లు అదిగో, అవతల."

ఎదురుగా ఉన్నది కుర్చీలు అద్దెకిచ్చేవాళ్ళ గోడౌను. పాత గోడకు కొత్త షట్టరు, దానికి తాళం. పెద్దనాన్న వెళ్ళి దాని ముందు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డా కంట్లో చెమ్మ రాలేదు. ఉన్న ఏడుపంతా బొగ్గువాళ్ళింట్లో ఖర్చయిపోయింది మరి. "ఇదేనంటావా?" అన్నాడు నాతో, నీరసంగా. ఆ మొహం చూస్తే నాకూ నవ్వు రాలేదు. నిజంగానే జాలేసింది.

"మా నాయనమ్మని మీరు చూశారా అవ్వా?" అని అడిగాడు.

"లేదు బాబూ. నేను కోడలిగా వచ్చేసరికే మీవాళ్ళు వెళ్ళిపోయారు. కానీ అందరి పనీ ఒకటే కదా. మొగుడు పేనేవాడు, పెళ్ళాం తిప్పేది. పేనేవాడికి నార సంగతి చేతికే తెలుస్తుంది, చూడక్కర్లేదు. చూపు మాత్రం చక్రం మీదే ఉండాలి. ఆపమనీ వదలమనీ పెళ్ళాం తలూపి చెప్పాలిగా."

పెద్దనాన్న తిన్నగా షెడ్డు దాకా వెళ్ళాడు. "అవ్వా, ఒక్కసారి తిప్పుతావా?" అన్నాడు. అవ్వ వచ్చి కూర్చుని చక్రం పట్టుకుంది. ఆయన ఆవిడకు ఎదురుగా నిలబడి ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. అవ్వ కొడుకు ఇచ్చిన నార చేతిలో ఉంది గానీ అది తాడూ కాలేదు, పాడూ కాలేదు. బావి బండకు తగలకుండా నేను మోచెయ్యి పట్టుకుని తప్పించాను. బావి దాటాక కుడిచెయ్యి చాపితే గోడౌను గోడ తగిలింది. అక్కడ ఆగాడు.

నేనూ ఆయన చూస్తున్న వైపే చూశాను. ఇళ్ళూ అరుగులూ జనమూ పక్కకు పోయి, ఆ గీతలాంటి వీధి కొసన చక్రం వెనక ఒక ఆడమనిషి మొహం, అంతే. ఇంకేదీ కనిపించదు.

"అమ్మడూ," అన్నాడు పెద్దనాన్న. ఈసారి కళ్ళు నిండాయి, కానీ చప్పుడు లేదు. "మా తాత మాట దాటేశాడనుకున్నామే. అమ్మ ఎలా ఉండేదని మా నాన్న అడిగితే, ఇక్కడ నుంచుని చూడమన్నాడే!"