అక్షిత కట్టిన పెట్టె

నేను చిన్నకోడూరు దగ్గర ఒక ఊర్ల అంగన్‌వాడీ టీచర్ను. పోయినేడు మా సెంటర్‌కు వచ్చే నాలుగేండ్ల అక్షిత వాళ్ల బాపు దుబాయిల గుండె ఆగి చనిపోయిండు. శవం పెట్టెల ఇంటికి వచ్చిననాడు పిల్లను పక్కింట్ల ఉంచిన్రు.

"బాపు దుబాయిలనే ఉన్నడని చెప్పు టీచరమ్మా. చిన్నపిల్ల, దానికేం తెలుస్తది" అన్నది వాళ్ల నాయినమ్మ. నేనూ సరే అన్న.

అప్పటిసంది ఆ పిల్ల మాట్లాడుడు తగ్గించింది. అందరు ఆడుతుంటే మూలకు కూసునేది.

ఒకనాడు తనంతట తనే చెక్క బ్లాకులు తెచ్చి పొడుగ్గ ఒక పెట్టె కట్టింది. అండ్ల మగబొమ్మను పండబెట్టి, నా దస్తీ కప్పింది. చుట్టూ పిల్లలను కూసోబెట్టింది. ఒక పిల్లగాడు ఆటకే "ఓ బాపూ" అని ఏడుపు తీసిండు. అక్షిత వాని నోటికి చెయ్యి అడ్డంపెట్టి, అచ్చం పెద్దమనిషి లెక్క, "సప్పుడు చెయ్యకు. పాపకు తెలుస్తది" అన్నది. ఆనాడు పక్కింటి తలుపు సందులకెళ్లి అంతా చూసినట్టున్నది.

పిల్లను తీస్కపోను వచ్చిన నాయినమ్మ గడపలనే నిలబడి ఇదంతా విన్నది. కొంగు నోట్ల కుక్కుకుంట వచ్చి ఆ పెట్టె పక్కన కూలబడ్డది.

పెద్దోళ్లం ఆ పిల్ల దగ్గర దాచినమనుకున్నం. నాలుగేండ్ల పిల్ల మా దగ్గర దాచింది. ఆట లేకుంటే ఇంకెన్నొద్దులు దాచేదో! నాయినమ్మ ఏడుపు చూసి అక్షిత మెల్లగ అడిగిన మాట ఇంకా నా చెవుల్లనే ఉన్నది.

"ఇగ నేన్గూడ ఏడ్వొచ్చా?"