మా అత్తయ్య మిషన్

పోయిన నెలలో ఒక ఆదివారం, గుడిలో మొదటి గంట మోగుతుండగా మా మేనత్త ప్రభువునందు నిద్రించింది. చేతిలో లేసు సూది, ఒళ్ళో సగం అల్లిన పువ్వు. కబురు విన్నవాళ్ళు అన్న మాట ఒకటే: "ఆరాధనకి లేటుగా వస్తే ఇక ఎవరు తిడతారండీ?" ఏడుస్తూనే నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ తిట్లలో పెద్ద వాటా నాదే.

నరసాపురం దగ్గర మా ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళకి దారం పంచడం, అల్లినవి పోగుచేసి పంపడం ఆవిడ పని. గుడిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు కూడా. ఎన్నిక జరిగిన గుర్తు మాత్రం ఎవరికీ లేదు. అల్లికలో తప్పు కనబడితే ఎంత చేసినా విప్పేసేది. "విప్పడానికి ఏడ్చేదానివి అల్లడమెందుకే?" అనేది.

ఒక ఏడాది మా పెద్ద సంఘం ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు ఒక సంగతి చెప్పారు. ఆఫ్రికాలో మలావి దేశంలో పాస్టర్లకు శిక్షణ ఇచ్చే బడి ఉంది. ఫీజు కట్టలేక ఒక కుర్రాడు ఇంటికి తిరిగి వెళ్ళిపోబోతున్నాడు. ఏదైనా సంఘం అతన్ని చదివిస్తుందా అని అడిగారు. అందరూ తలలు దించుకున్నారు. అత్తయ్య లేచి నిలబడింది.

మా ట్రెజరర్‌గారు గాభరా పడ్డారు. "మన గుడి కప్పే కారుతోందండి. వానొస్తే పాస్టరుగారు గొడుగేసుకుని ప్రసంగం చెబుతున్నారు. ఆఫ్రికాకి పంపడమేంటండీ?"

"ఈ గుడి ఎవరు కట్టించారండీ?" అంది అత్తయ్య. "మన మొహాలు కూడా చూడనివాళ్ళు సముద్రం అవతల్నించి పంపితే కట్టారు. వాళ్ళ గుళ్ళు అప్పుడు కారలేదంటారా? మనది ఎప్పటికీ పుచ్చుకునే చెయ్యేనా అండీ?"

చివరికి కోతపండుగ మీద పెట్టారు. పంట చేతికొచ్చాక అందరూ గుడికి తెచ్చినవి ఆరాధనయ్యాక గుడి ముందు పందిట్లో వేలం వేస్తాం. కొన్నవాళ్ళు దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేస్తే ఇంకో పాట మొదలవుతుంది. వేలంలో ఏడాది ఫీజు వస్తే మిషన్ సేవకని ఆ కుర్రాడికి, రాకపోతే అంతా కప్పుకి. అదీ ఒప్పందం.

ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు అన్నీ అయిపోయాయి. ఫీజు నిండలేదు. ట్రెజరర్‌గారు అప్పుడే కప్పు వంక చూస్తున్నారు. అంతలో ఎండుచేపలు అమ్మే మామ్మ కొంగుచాటు నుంచి గుడ్లు పెట్టే కోడిని తీసింది. "మిషన్‌కేనంటగా, పట్టండి" అంది.

అత్తయ్య కోడిని ఎత్తి పట్టుకుంది. పందిరి బయట నిలబడి చూస్తున్న హిందూ రైతుగారొకరు మొదటి పాట పాడి, కోడిని తిరిగి ఇచ్చేశారు. పడవలవాళ్ళు కొని ఇచ్చేశారు. లేసు ఆడవాళ్ళంతా కలిసి కొని ఇచ్చేశారు. "ఇంత భక్తిగల కోడి మళ్ళీ దొరకదండీ, పాడండి!" అని అత్తయ్య అరుస్తోంది. గొంతు బొంగురుపోయింది. ఇంకొక్క పాట కావాలి. 

"నాదండీ పాట!" అని లేచింది ఎవరనుకున్నారు? ట్రెజరర్‌గారే.

"మరి కప్పండీ?" అంది అత్తయ్య.

"దానికి వచ్చే ఏడు ఇంకో కోడిని చూద్దాం లెండి!"

ఆ చప్పట్లు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. కోడి మామ్మ చంకలోనే ఇంటికి వెళ్ళింది.

మరుసటి ఆదివారం ప్రకటనల వేళ మామ్మ లేచి నిలబడింది. "మిషన్ కొన్నారా? తొక్కేదా, చేత్తో తిప్పేదా?" గుడంతా ఘొల్లుమంది. మిషన్ సేవకని చెబితే ఆవిడ కుట్టుమిషన్ అనుకుంది. మా ఊళ్ళో ఏ ఇంట్లో అయినా మిషనంటే అదే మరి.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. "తొక్కేదే మామ్మా" అంది.

"గుడిలో అబద్ధమేంటత్తయ్యా?" అన్నాను దారిలో.

"అబద్ధమెందుకవుద్దే? ఆ కుర్రాడికి పెళ్ళయిందంట. మొగుడు చదువుకుంటుంటే ఆ పిల్ల ఏం తింటుంది? ఎవరైనా అడిగారా? నీకు ఇంగ్లీషొచ్చుగా, ఆ బడికి ఫోన్ చెయ్యి."

చేశాను. ఆ పిల్లకి కుట్టుపని వచ్చు, మిషనే లేదన్నారు. మా ఆడవాళ్ళు వారానికో లేసు పువ్వు 'మిషన్ పువ్వు' అని పక్కన పెట్టసాగారు. వాటి డబ్బుతో అక్కడే ఒక మిషన్ కొనిచ్చారు. తరవాత ఇంకో కుర్రాడు, ఇంకో మిషన్. గుడి కప్పు కూడా వేయించాం. ప్రతి ఆదివారం నన్ను ఒకటే అడిగేది: "మిషన్ ఆడుతోందా?" ఏ మిషనో నేనెప్పుడూ అడగలేదు. నాకూ ఆ రెండూ ఒకటే అయిపోయాయి.

సమాధుల దొడ్డిలో అత్తయ్యని దించే ముందు ఆ మొదటి కుర్రాడు వీడియో కాల్ చేశాడు. ఇప్పుడు అక్కడ పెద్ద సంఘానికి పాస్టరు. ఫోన్‌ని మైకు దగ్గర పెట్టి, అతను చెప్పేది తెలుగులో చెబుతున్నాను. అతని వెనకాల ఇంట్లో ఏదో టకటకమంటోంది. "ఆ చప్పుడు కాస్త ఆపమనమ్మా" అన్నారు ట్రెజరర్‌గారు, కళ్ళు తుడుచుకుంటూ.

కర్ర పట్టుకుని ముందు వరసలో కూర్చున్న మామ్మ తలెత్తింది. "ఆపొద్దనండి! వినబడట్లేదా, తొక్కుడు మిషనే!"

నేను ఫోన్‌ని మైకుకి ఇంకా దగ్గరగా జరిపాను. మేమంతా ఒక్కొక్కరం వంగి గుప్పెడు మట్టి వేస్తున్నంతసేపూ చేలమీదుగా, కొబ్బరిచెట్లమీదుగా ఆ మిషన్ ఆడుతూనే ఉంది.