సంగటి మీద పడిన నింద

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నన్ను జమ్మలమడుగు వైపు నుంచి పులివెందుల వైపు ఒక మండల పశువైద్యశాలకు బదిలీ చేశారు. నా హోదా పశువైద్య సహాయ సర్జన్. పేరులో సహాయం ఉంది గానీ నాకు సహాయంగా ఉన్నది ఒక అటెండరు, ఒక పాత సూక్ష్మదర్శిని, రెండు ఫ్యాన్లు. వాటిలో తిరిగేది ఒకటే. వచ్చేవన్నీ గొర్రెలు, పాలిచ్చే ఎనుములు, అంటే గేదెలు. ఎవరైనా కుక్కను తెస్తే చాలు, గొర్రెలను తోలుకొచ్చిన వాళ్లంతా చుట్టూ చేరి, దీనికి గూడా డాక్టరా అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండేది.

చేరిన మూడో వారంలో గంగప్ప అనే రైతు ఆటోలో ఒక కుక్కను తెచ్చాడు. లింగాల దగ్గర చీనీ, అంటే బత్తాయి, తోట ఆయనది. ఒకప్పుడు గొర్రెలు కాసిన కుటుంబం. కుక్క పేరు కర్రోడు, నాలుగేళ్ల నాటు కుక్క, ఇరవై కిలోలు తూగుతుంది. రెండు రోజులుగా మూత్రం ఎర్రగా పోస్తోందట. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. చెవి మడతలో నెత్తురు తాగే పిడుదులు రెండు కనిపించాయి.

మా వృత్తిలో మందుకన్నా ముందు రోగచరిత్ర రాసుకోవాలి. వయసు, టీకాలు, ఎప్పటి నుంచి, ఏం పెడుతున్నారు. ఏం పెడుతున్నారని అడిగాను.

"మనం తినేదే సార్. సంగటి, మజ్జిగ, ఆదివారం మాంసం. రాజా మాదిరి తింటాది" అన్నాడు గంగప్ప.

నేను రిజిస్టరులో 'ఇంటి తిండి' అని రెండు మాటలు రాసి గడి నింపేశాను. ఎర్ర మూత్రం, పాలిపోయిన చిగుళ్లు, ఒంటి మీద పిడుదులు. ఈ మూడూ కలిస్తే మా ప్రాంతంలో ఏ డాక్టరైనా పిడుదు జ్వరమనే అంటాడు. పిడుదు కుట్టినప్పుడు ఒక సూక్ష్మజీవి నెత్తురులో చేరి ఎర్ర కణాలను పగలగొడుతుంది. అది నిజమో కాదో తేలాలంటే నెత్తురు చుక్కను గాజుపలక మీద పరిచి, రంగు వేసి చూడాలి. ఆ రంగు అయిపోయి నెల దాటింది, ఇండెంటు పెట్టినా రాలేదు. చూడకుండానే సూది వేసి పంపాను. రంగు లేకపోవడం నా తప్పు కాదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కావాలంటే ప్రొద్దుటూరులో నా దుడ్లతో ఒక సీసా కొని ఉండొచ్చు. కొనలేదు.

వారానికి గంగప్ప మళ్లీ వచ్చాడు. కుక్కకు తగ్గలేదు. ఈసారి ఆయన చేతిలో కుక్క లేదు, సెల్‌ఫోను ఉంది. పనిమీద ప్రొద్దుటూరు పోయినవాడు అక్కడ కుక్కల తిండి అమ్మే అంగట్లో కర్రోడి ఫోటో చూపించాడట. అంగడాయన ఫోటో చూసి, సంగటి తిని తినే దీని నెత్తురు చచ్చిపోయిందని తేల్చేశాడట. కుక్కకు రాగి విషమట, జొన్న విషమట, ఇంటి తిండి ఏదైనా విషమేనట. ఒక పెద్ద సంచి గుళికలు చేతిలో పెట్టి, ఇది తప్ప వేరేది ముట్టించొద్దని చెప్పాడట.

"మా ఆడదానికి మొదటినుంచీ చెప్తాండా సార్, సంగటి పెట్టొద్దే అని. ఇంటే గదా! దాని సంగటే కుక్కను తింటాంది" అన్నాడు గంగప్ప.

ఆయన మొదటినుంచీ అలా చెప్పలేదు. వారం కిందట అదే సంగటితో రాజా మాదిరి తింటుందని నా ముందే మురిసిపోయాడు. ఫోటో చూసి రోగం చెప్పిన ఆ అంగడాయన మీద ఇప్పటికీ నాకు కోపం చల్లారలేదు. ఆయన ఏ కాలేజీలో చదివాడు, ఏ కుక్క పొట్ట కోసి చూశాడు? రాగి సంగటి కుక్కకు విషం కాదు. ఒట్టి సంగటే పెడితే మాంసకృత్తులు చాలవు, అంతే. దానితో పాటు ఉడికించిన గుడ్డో, ఉప్పూ కారం లేని మాంసమో పెడితే కుక్క నిక్షేపంగా బతుకుతుంది. సంచి గుళికలూ చెడ్డవి కావు, అన్నీ కొలిచి కలిపినవే. కానీ రోగమేదో తెలియకుండా తిండి మీద నింద వేయడం వైద్యం కాదు.

ఇదంతా ఆ రోజు గంగప్పకు చెప్పి ఉంటే నా కోపానికి అర్థం ఉండేది. నేను చెప్పలేదు. బయట గొర్రెల మంద టీకాలకు కాచుకుని ఉంది. సరే, పెట్టి చూడప్పా అన్నాను.

మరో పది రోజులకు గంగప్ప భార్య ఓబులమ్మ వచ్చింది. భర్త బ్రహ్మంగారిమఠం ఆరాధనకు పోయాడట. ఆయన ఉంటే ఆమె వచ్చేది కాదు. మా వైపు ఆసుపత్రికి పోవడం, జవాబు చెప్పడం మగవాళ్ల పని. కుక్కను ఒళ్లో పెట్టుకుని ఆటో దిగింది. కర్రోడు తల ఎత్తలేకపోతున్నాడు. ఆమె రెండో చేతిలో గుడ్డ కట్టిన సత్తు గిన్నె ఉంది.

"సంగటి మాని పది దినాలాయ సామీ. ఒక ముద్ద గూడా పెట్టలా. అంతా నన్నే అంటాండారు. ఇదో చూడు, ఈ సంచి తిండే పెడ్తాండా" అని గిన్నె బల్ల మీద పెట్టి గుడ్డ విప్పింది. తోటలో ఒంటరిగా పని చేసేటప్పుడు ఈ కుక్క రెండుసార్లు పాము ముందు నిలబడి తనను కాపాడిందని, అలాంటి దాన్ని నేనే చంపుతానా అని అడిగింది. ఏడవలేదు. గొంతులో కోపమే ఉంది.

గుడ్డ విప్పగానే ఘాటు నా ముక్కుకు తగిలింది. గుళికల నిండా దంచిన పచ్చి ఉల్లిగడ్డ.

ఇది ఏందమ్మా అన్నాను.

"ఎర్రగడ్డ. ఎండలు శానా ఉండాయి గదా. వడదెబ్బ తగల్కుండా మనం నంజుకుంటాం, నోరు లేని జీవానికి వద్దా? ఉగాది అయినప్పట్నుంచి సంగట్లో ఒకటి దంచి ఏస్తాండా. ఈ సంచి తిండి వేడి చేస్తాదని ఇప్పుడు రెండు ఏస్తాండా."

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని మనవాళ్లు ఊరికే అనలేదు. మా సీమలో ఎండాకాలం పనికి పోయేవాడి రుమాలు మూటలో ఉల్లిగడ్డ ఉండాల్సిందే. కానీ ఆ మేలు మనిషికే. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా కుక్క నెత్తురులో ఎర్ర కణాలను పగలగొడతాయి. రోజూ కొంచెం కొంచెం పెట్టినా అంతే. మూత్రం ఎర్రబడుతుంది, చిగుళ్లు పాలిపోతాయి. పైకి చూస్తే అచ్చం పిడుదు జ్వరమే.

అంతకు రెండు రోజుల ముందే రంగు సీసా వచ్చింది. నెత్తురు చుక్క తీసి చూశాను. పిడుదు జ్వరం సూక్ష్మజీవి ఒక్కటీ లేదు. కణాల అంచున చిన్న చిన్న బొడిపెలు ఉన్నాయి. ఉల్లి చేసిన పని అదే. తల్లిలా చూసుకున్న మనిషిని ఊరంతా దోషిని చేసింది. నిజమైన కారణం ఆమె చేతిలోనే ఉన్నా, ఎవరూ అడగకపోవడంతో అదే చేత్తో రెట్టింపు పెట్టింది.

"ఇంతకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నన్ను ఎవురు అడిగినారు సామీ?" అంది.

ఉల్లి మాన్పించాను. సెలైను పెట్టి, రోజు విడిచి రోజు నెత్తురు చూశాను. ఐదో రోజుకు మూత్రం రంగు మారింది. మూడు వారాలకు చిగుళ్లలో ఎరుపు వచ్చింది. ఈలోగా గంగప్ప మఠం నుంచి వచ్చి, సంచి తిండి బాగా పని చేసిందని నలుగురిలో చెప్పడం మొదలుపెట్టాడు. ప్రొద్దుటూరు అంగడాయన కర్రోడి ఫోటో గోడకు అంటించుకున్నాడని కూడా విన్నాను. ఇక ఆగలేక భార్యాభర్తలిద్దరినీ పిలిపించాను. టీకాలకు వచ్చిన వాళ్లందరి ముందే, కుక్కను బతికించింది సంచి కాదని, చంపబోయింది సంగటి కాదని, చూడకుండా సూది వేసిన తప్పు నాదని, తెలియకుండా ఇల్లాలి మీద నింద వేసిన తప్పు ఆయనదని గట్టిగా చెప్పాను. గంగప్ప నేల చూపులు చూశాడు. క్షమించమని మాత్రం అనలేదు.

"అయిపోయిందానికి ఏముందిలే సామీ. రేపట్నుంచి సంగటి పెట్టొచ్చా, అది చెప్పు" అంది ఓబులమ్మ.

పెట్టమన్నాను. గుడ్డు కలిపి పెట్టమన్నాను.

ఆ సాయంత్రం కేసు రిజిస్టరులో 'మేత' అనే గడి పక్కన స్కేలు పెట్టి మరో గడి గీశాను: 'పెట్టేది ఎవరు'. తనిఖీకి వచ్చిన పై అధికారి, నమూనాలో లేని గడి ఎందుకు గీశావని మెమో ఇచ్చారు. జవాబు రాశాను, గడి మాత్రం చెరపలేదు. రిటైరయ్యేదాకా ప్రతి కొత్త రిజిస్టరులోనూ గీశాను. కుక్కకు ఏం పెట్టాలో చెప్పేముందు, ఇప్పుడు ఏం పెడుతున్నారో పెట్టే మనిషినే అడగాలి. ఆ మనిషి ఆసుపత్రికి రాకపోతే మనమే ఆ ఇంటికి పోవాలి. ఈ చిన్న ప్రశ్న అడగడం నేను నేర్చుకునేలోగా ఒక కుక్క ఒంట్లో నెత్తురు సగం పోయింది.