తొమ్మిది గంటల ప్రశ్న

విల్ఫ్ గాంట్‌కి ఉన్న వ్యసనం ఒక్కటే: ప్రశ్న. చుట్టా సిగరెట్టూ ఎరగడు, గుర్రప్పందేల జోలికి పోడు, ఆదివారం ఒక గ్లాసు బీరు తప్ప ముట్టడు. కానీ పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి ఆయన చెయ్యి లేవకపోతే గ్రిమ్స్‌బీ రేవు ఊళ్లో ఆ రోజు తెల్లారనట్టే.

ఆ చెయ్యీ సామాన్యమైనది కాదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు రేవులో కాడ్ చేపల ముళ్లు తీసిన చెయ్యి. చూపుడువేలు సగమే ఉంటుంది. మిగతా సగం ఓ చేపల పెట్టెలో లండన్ చేరిందనీ, తమ ఇంట్లో లండన్ చూసింది అదొక్కటేననీ ఆయనే చెప్పేవాడు.

చేపల కంపెనీ మూతపడి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచీ నిరుద్యోగ భృతి మీదే బతుకు. ఏళ్ల తరబడి భృతి తీసుకునేవాళ్లని పనిలోకి మళ్లించాలని సర్కారు వారికి బుద్ధి పుట్టింది. మూసేసిన తివాచీల దుకాణం మీద గది అద్దెకు తీసుకుని, పదమూడు వారాల శిక్షణ పెట్టించారు. వారానికి ఐదు రోజులు, తొమ్మిదికల్లా రావాలి. హాజరు ముగిశాక అడుగుపెట్టినవాళ్లకి మొదటిసారి హెచ్చరిక, రెండోసారి నాలుగు వారాల భృతి కోత.

ఆ గదిలో పాఠం చెప్పేది మరియన్ డ్యూ. నలభై నాలుగేళ్ల మనిషి. తనూ ఒకప్పుడు ఏడు నెలలు పని లేకుండా తిరిగింది. అందుకని ఎవరిమీదా గొంతు పెంచేది కాదు. ఆమె ఓపికకి రెండోరోజు, మంగళవారమే పరీక్ష వచ్చింది.

"అయితే హాజరు ముగిస్తున్నాను" అంటూ కంప్యూటరు మీద వేలు పెట్టబోయింది.

చెయ్యి లేచింది.

"ఒక్క సందేహం తల్లీ. ఈ దరఖాస్తులో 'నాకు జట్టుతో కలిసి పనిచేయడం ఇష్టం' అని రాయమన్నారు. మా జట్టులో తొమ్మిదిమందిమి. ఆరుగురు పోయారు. ఒకడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. మిగిలినవాడు నాతో మాట్లాడడు. ఇప్పుడు ఇష్టం అని రాస్తే అబద్ధం అవదూ?"

"ఎందుకు మాట్లాడడు?" అన్నాడు వెనక వరసలోంచి ట్రెవర్. పాత లారీ డ్రైవరు, నోరు ఊరుకోదు.

ఆ 'ఎందుకు'కి జవాబు పన్నెండు నిమిషాలు పట్టింది. అందులో ఒక పందెం పావురం ఉంది, ఒక పెళ్లి ఉంది, పెళ్లిలో పావురం చేసిన పని ఉంది.

మరియన్ మధ్యలో ఆపబోతే విల్ఫ్ సంచీలోంచి శిక్షణ నియమాల పుస్తకం తీశాడు. అందరికీ ఇచ్చిందే. చదివినవాడు మాత్రం ఆయనొక్కడే. "పద్నాలుగో పేజీ తల్లీ. వచ్చినవాళ్ల సందేహాలు తీర్చాకే హాజరు ముగించవలెను. నేను రాయలేదు, మీ వాళ్లే రాశారు."

గురువారం సందేహం వేరు. "అభిరుచులు అనే చోట పావురాలు అని రాయనా, నైపుణ్యాలు అనే చోట రాయనా? పావురాలకైతే నేనే అభిరుచిని."

ఆ మర్నాడు: "ఐదేళ్లలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని అడిగారు. అద్దంలో కాకుండానా?"

మరియన్ దీనికి మందులు వెతికింది. ప్రశ్నలు రాసి వేయమని అట్టపెట్టె పెట్టింది. విల్ఫ్ రాసి వేశాడు. తొమ్మిదింటికి చెయ్యెత్తి, "పెట్టె తెరిచారా తల్లీ?" అన్నాడు. అందులో పదకొండు చీటీలున్నాయి. ఇంకోరోజు ఐదు నిమిషాలు ముందే మొదలుపెట్టబోయింది. గోడ గడియారం సరైనదా, ట్రెవర్ ఫోను సరైనదా, టౌన్‌హాలు గంట సరైనదా అన్న చర్చ ఎనిమిదీ యాభై ఐదుకి మొదలై తొమ్మిదీ పదమూడుకి తేలింది. మూడూ సరైనవే.

విచిత్రం ఏమిటంటే బుధవారం మాత్రం ఆయనకి మౌనవ్రతం. అడిగినా నోరు విప్పడు. "బుధవారం మా బుర్రకి వారపు సెలవు తల్లీ" అనేవాడు.

రేవు మనుషులతో వేగినవాళ్లకి ఒక సంగతి తెలుస్తుంది. లోకంలో ఏ రేవైనా సరే, అక్కడివాళ్లకి మాట అంటే కాలం గడపడానికి కాదు, కాలాన్ని కట్టేయడానికి. గ్రిమ్స్‌బీలో చేపల వేలంపాట ఏడింటికి గంట కొట్టి మొదలెట్టేవారు. గంట తరువాత వచ్చిన పడవ సరుకు మర్నాటిదాకా ఆగాలి, మర్నాటికి ధర చచ్చిపోతుంది. అందుకని ఏ పడవైనా పొగమంచులో చిక్కుకుంటే, చేపలు కోసేవాళ్లలో ఒకడు వేలంపాట నడిపే దొరగారి దగ్గరికి వెళ్లి ఆయన మోకాలినొప్పి గురించి అడిగేవాడు. గంట తాడు ఆయన చేతిలోనే ఉండేది గానీ, మోకాలు గురించి చెప్పేటప్పుడు మనిషికి రెండు చేతులూ కావాలి కదా!

ఈ సంగతి మరియన్‌కి తెలియదు. ఆమెది రేవు కుటుంబం కాదు, రొట్టెల దుకాణం.

ఆరోవారం గురువారంనాడు పై ఆఫీసు నుంచి పెనింగ్టన్ అనే తనిఖీదారు దిగాడు. మెరిసే బూట్లు, చంకలో కాగితాల కట్ట. ఎనిమిదీ యాభైకే వచ్చి మరియన్ బల్ల పక్కన కుర్చీ వేయించుకున్నాడు.

"మరియన్ గారూ, మన గదులన్నిటిలోనూ తొమ్మిదీ ఒకటికి హాజరు ముగుస్తోంది. మీ దగ్గర తొమ్మిదీ పదమూడు. మొదటిరోజు పోతే రోజూ పదమూడే. ఒక్క బుధవారం తప్ప. బుధవారం మీరూ తొమ్మిదీ ఒకటే. బుధవారం ఏం చేస్తున్నారో అదే మిగతా రోజుల్లోనూ చేయండి. ఇవాళ నేను చూస్తాను."

బుధవారం తను ఏం చేస్తోందని? మరియన్ గది వైపు చూసింది. అందరూ వచ్చేశారు. తలుపు పక్క కుర్చీ ఒక్కటే ఖాళీ. అది షెరిల్‌ది. మొగుడు వదిలేసిపోయాక ఆరేళ్ల పిల్లతో ఒంటరిగా నెట్టుకొస్తున్న మనిషి. మొదటిరోజే పన్నెండు నిమిషాలు ఆలస్యమైతే నియమం ప్రకారం ఆమె మీద హెచ్చరిక రాసింది మరియనే. బడి గేటు ఎనిమిదీ నలభై ఐదుకి గానీ తీయరు, ఆ తరువాతి బస్సు ఇక్కడికి చేరేది తొమ్మిదీ పన్నెండుకి. ఈ నియమం రాసినవాళ్లందరికీ కార్లున్నాయి కాబోలు.

"బుధవారం బెంగలేదండీ, మా అమ్మకి సెలవు, పిల్లని తనే దింపుతుంది" అని షెరిల్ ఎప్పుడో అన్న మాట మరియన్ చెవిలో ఇప్పుడు పడింది.

ఆమె తల విల్ఫ్ వైపు తిరిగింది. విల్ఫ్ మెడ చుట్టూ ఎర్ర ఉన్ని గుడ్డ. ముక్కు దానికంటే ఎర్రగా ఉంది.

గోడ గడియారం తొమ్మిది కొట్టింది. చెయ్యి లేచింది. నోరు తెరుచుకుంది. లోపలినుంచి పాత కెటిల్ ఆవిరి లాంటి చప్పుడొచ్చింది, అంతే. జలుబు ఆయన గొంతుని పూర్తిగా మింగేసింది. ఆయన మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ ఆవిరే. ఆరువారాల్లో మొదటిసారి విల్ఫ్ గాంట్ మొహంలో భయం కనిపించింది.

"కానివ్వండి, ముగించండి" అన్నాడు పెనింగ్టన్.

మరియన్ వేలు మీట మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

"పెనింగ్టన్ గారూ, నాదొక సందేహం."

"మీదా?"

"పద్నాలుగో పేజీ అండీ. మీలాంటివారు రాకరాక వచ్చారు. మీ మొట్టమొదటి ఉద్యోగం మీకెలా దొరికిందో మావాళ్లకి చెబితే ఎంతో మేలు."

పెనింగ్టన్ గొంతు సవరించుకున్నాడు. తన గురించి అడిగితే కరగని తనిఖీదారు ఇంకా పుట్టలేదు. "అదా... అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మా మేనమామగారికి లీడ్స్‌లో ఒక బీమా కంపెనీ ఉండేది..."

"మీరు దరఖాస్తు పెట్టారాండీ?" అన్నాడు ట్రెవర్.

"అంటే... ఆదివారం భోజనాల దగ్గర అడిగాను."

"మాంసం వడ్డించకముందా, వడ్డించాకా?" అంది ముందువరసలో ఒకావిడ, కలం తీసి రాసుకుంటూ.

"మీ మేనమామగారు ఇంకా ఉన్నారాండీ? ఆయనకి మేనల్లుళ్లు సరిపోయారా, ఇంకా కావాలా?" అన్నాడు ట్రెవర్.

గది గొల్లుమంది. పెనింగ్టన్ కూడా నవ్వేశాడు. నవ్వి, ఊపు మీద పడవపందేల్లోకి వెళ్లాడు, అక్కడినుంచి క్రమశిక్షణలోకి వచ్చాడు. తలుపు ధబాలున తెరుచుకుంది. షెరిల్. జుట్టు తడి, ఒక చెవికే పోగు, చేతిలో పిల్ల మరిచిపోయిన పండ్లరసం డబ్బా. వచ్చి కుర్చీలో కూలబడింది.

మరియన్ మీట నొక్కింది. తొమ్మిదీ పదమూడు.

పెనింగ్టన్ సాయంత్రం దాకా ఉండి, వెళ్లేముందు కాగితం మీద రాశాడు: 'ఆలస్యానికి కారణం అభ్యర్థుల జ్ఞానతృష్ణ. ప్రోత్సహించదగినది.'

ఆ రోజు టీ వేళ మరియన్ విల్ఫ్ పక్కన కూర్చుంది. "బస్సు వచ్చిందని మీకెలా తెలిసేది?"

గొంతు లేదు కదా, విల్ఫ్ సగం వేలితో పెన్సిలు పట్టుకుని రాశాడు. 'మీ వెనక కిటికీలోంచి కనిపిస్తుంది. మీరెప్పుడూ నన్నే చూస్తుంటారు.'

"నాకు ముందే చెప్పొచ్చుగా విల్ఫ్ గారూ. వీళ్లందరికీ తెలుసు, నాకు తప్ప."

'చెబితే మీకు తెలిసిపోతుంది. తెలిసీ ఊరుకున్నారని మీ ఉద్యోగం పోతుంది. అప్పుడు మీరొచ్చి మా వరసలో కూర్చుంటారు. ఇక్కడ కుర్చీలే చాలడం లేదు.'

మరియన్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతుంటే విల్ఫ్ లాక్కుని అడుగున ఇంకో వాక్యం చేర్చాడు.

'మేనమామ కథ మోకాలినొప్పి కంటే బాగా పనిచేసింది.'

"ఏ మోకాలు?" అంది మరియన్.

విల్ఫ్ సంతోషంగా కొత్త కాగితం అందుకున్నాడు.

శుక్రవారం కూడా ఆయన గొంతు రాలేదు. గడియారం తొమ్మిది కొట్టింది. మరియన్ మీట దగ్గరినుంచి చెయ్యి తీసేసి, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని తీరుబడిగా కూర్చుంది.

"ఎవరికైనా సందేహాలున్నాయా?"

పదిహేడు చేతులు లేచాయి. లేవని చెయ్యి విల్ఫ్ గాంట్‌ది ఒక్కటే. ఆయన ఫ్లాస్కు మూతలోకి వేడి టీ పోసుకుని, బుధవారం మొహం పెట్టుకుని కూర్చున్నాడు.