కాలరు లోపలి గుర్తు

మా తాత చేతిలో తుపాకి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

నర్సంపేట రోడ్డు మీద మా ఊరికి మలుపు తిరిగేచోట ఆటో దిగుతుండగా కనబడింది ఆ ఫ్లెక్సీ. వెనకాల యుద్ధ ట్యాంకు, పైన విమానాలు, ఓ మూల జెండా. మధ్యలో యూనిఫాం వేసుకున్న ఎవరిదో ఒళ్ళు, ఆ ఒంటి మీద మా తాత తల. మా నాన్న పెళ్ళి ఫోటోలో పందిరి గుంజ పక్కన నిలబడి ఎటో చూస్తున్న మనిషి తలను కత్తిరించుకొచ్చి అతికించారు. అందుకే తుపాకి ఒకవైపు గురిపెట్టి ఉంటే తాత ఇంకోవైపు చూస్తున్నాడు. బతికుండగా ఏనాడూ పెంచని మీసం కూడా మెలి తిప్పి పెట్టారు. కింద దండం పెడుతూ మా చిన్నాయన ఫోటో, తాత బొమ్మ కంటే పెద్దగా. "మన ఊరి వీర సిపాయికి జోహార్లు" అని అక్షరాలు.

మా తాత సిపాయి కాదు. మిలిటరీలో దోబీ. బంగ్లాదేశ్ యుద్ధానికి పోయిన పటాలం వెంట పోయాడు, పటాలం బట్టలు ఉతికాడు, పటాలంతోనే తిరిగొచ్చాడు. నేను బళ్ళో చదువుకునే రోజుల్లో జబ్బుచేసి పోయాడు. ఇందులో దాచాల్సింది ఏముందో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు.

సంగతేమిటంటే, మా ఊరి నుంచి మిలిటరీకి పోయినవాళ్ళ పేర్లు చెక్కించి పంచాయతీ ఆఫీసు ముందు ఒక రాయి నిలబెట్టాలని కుర్రాళ్ళు కమిటీ వేసుకున్నారు. మంచి పనే. ఎవరింట్లో వాళ్ళు పాత ట్రంకుపెట్టెలు తెరిచారు, మెడల్స్ చింతపండుతో తోమారు, ముసలివాళ్ళను కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేసుకున్నారు. ఎనభై దాటిన మా నాయనమ్మకు కూడా ఈ కబురు అందింది. హనుమకొండలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకునే నాకు ఫోన్ చేయించింది.

"బిడ్డా, ఆ రాయి మీద మీ తాత పేరు ఎక్కాలె. పేరు పక్కన దోబీ అని రాయాలె. నాకు సదువ రాదు గద, నేను సచ్చేలోపు నువ్వు నాకు అది సదివి ఇనిపియ్యాలె."

ఆమె అడిగింది అంతే. పెన్షను కాదు, సన్మానం కాదు, శాలువా కాదు.

కమిటీకి పెద్ద, ఎరువుల దుకాణం నడిపే ఆయన. నేను వెళ్ళి చెబితే నవ్వాడు. "టీచరమ్మా, యుద్ధం జేసినోళ్ళ పేర్లే రాస్తానం. బట్టలుతికినోళ్ళు, వంట జేసినోళ్ళు అనుకుంట పోతే ఇగ రాయి యాడ సరిపోతది?" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళూ నవ్వారు. వాళ్ళలో ఒక్కడు కూడా మిలిటరీ గేటు దాకా పోయినవాడు కాదు. వాళ్ళ తాతల పంచెలు మాత్రం మా ఇంట్లోనే ఉడికాయి.

ఈ మాట చిన్నాయన చెవిన పడింది. ఆయన మా నాన్న తమ్ముడు, ఊళ్ళోనే ఉంటాడు, వార్డు మెంబరుగా నిలబడాలని ఆశ. ఆయన వాళ్ళతో పోట్లాడలేదు. తిన్నగా వరంగల్ పోయి ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. "మా నాయన దోబీ అని ఎవలన్నరు? తుపాకి పట్టిండు" అని కమిటీకి చెప్పాడు. కమిటీ సరేనంది! ఊరందరికీ నిజం తెలుసు, చెప్పేవాడికి తెలుసు, వినేవాళ్ళకు తెలుసు. దోబీ అన్న నిజానికి చోటు లేదన్నవాళ్ళు, సిపాయి అన్న అబద్ధానికి నవ్వుతూ చోటిచ్చారు. సిగ్గులేని జన్మలు అనుకున్నాను. పైకి కూడా అన్నాను.

చిన్నాయన ఆ బొమ్మనే చిన్నగా ప్రింటు తీయించి ఇంట్లో గోడకు తగిలించి దండ వేశాడు. నాయనమ్మ దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఎవలు బిడ్డా గీయిన?"

"తాతేనట."

ఆమె దగ్గరికి పోయి బొమ్మలోని చేతుల మీద వేలు పెట్టింది. "గివి ఆయన చేతులు గావు. ఆయన చేతుల నిండ జీడి మచ్చలుండె."

మా ఇళ్ళల్లో పుట్టనివాళ్ళకు ఇది చెప్పాలి. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట మూలన గుర్తు పెడతారు. పైన ఇంత సున్నం అద్దితే అది నల్లగా పట్టుకుని బట్ట చినిగేదాకా పోదు. ఇంటికో గుర్తు: ఒకరికి చుక్కలు, ఒకరికి గీతలు, ఒకరికి కొడవలి వంపు. ఎవరి బట్ట వాళ్ళింటికి చేరేది ఆ గుర్తుతోనే. ఆ రసం చర్మానికి తగిలితే పొక్కి, మచ్చ పడుతుంది. తాత మిలిటరీకి పోతూ బట్టల మూటలో జీడిగింజలు కట్టుకుపోయాడట. అక్కడ అందరివీ ఒకే రంగు బట్టలు, ఊళ్ళోకంటే అక్కడే గుర్తుల అవసరం ఎక్కువ.

"మరి దోబీ అనే ఎందుకు రాయాలె నాయనమ్మా, వట్టి పేరు రాస్తే సాలదా?" అని అడిగాను.

"ఈ ఊర్లె ఆయనను పసిపోరగాండ్లు గూడ 'ఒరే సాకలోడా' అన్నరు బిడ్డా. ఆడ 'దోబీ భాయి' అన్నరు. అందరి తోటి ఒక్క వరుసల కూసోపెట్టి అన్నం పెట్టిన్రు. బూట్లు ఇచ్చిన్రు. సెలవు మీద వచ్చినప్పుడు ఆ బూట్లేసుకోని దొరల వాడకట్టుల నడిచిండు. ఆ 'దోబీ భాయి' అన్న మాట కోసమే ఆయన ఆ సలిదేశంల ఉన్నడు" అంది. బొమ్మ మీది నుంచి వేలు తీసి, "యుద్ధంల ఆయన ఏం జేసిండో నాకు ఒక్కపాలి జెప్పిండు. నేను జెప్తే పెండ్లాం మాట అంటరు. తొర్రూరుల ఆయన దోస్తు ఉండె, సాయెబు. బతికుంటే ఆయననే అడుగుదాం పా" అంది.

ఆదివారం నాడు ఆమెను బస్సెక్కించి తొర్రూరు తీసుకుపోయాను. ఆ పెద్దాయన బతికే ఉన్నాడు, కొడుకు సైకిల్ షాపు వెనక ఇంట్లో. మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. చెవులు సరిగా వినబడవు. నాయనమ్మ ఎవరో చెప్పగానే మంచం మీద నుంచి లేవబోయాడు.

"వదినె గదా! కూసో వదినె, కూసో. మా పటాలంల తెలుగు మాట్లాడేటోళ్ళం ఇద్దరమే బిడ్డా, నేను, అన్న. నేను తుపాకి పట్టిన, అన్న సబ్బు పట్టిండు. పండుకునేది ఒక్క తాన్నే."

యుద్ధంలో తాత ఏం చేశాడో చెప్పమని గట్టిగా అడిగి, ఫోన్లో రికార్డింగు నొక్కాను. ఆయన గోడవైపు చూస్తూ చెప్పాడు.

"ఒకనాడు షెల్లు పడ్డది. మావోళ్ళు సచ్చిపోయిన్రు. కొందరికి మొఖాలు లెవ్వు బిడ్డా. మెడల ఏసుకునే బిళ్ళలు గూడ దొరకలే. ఎవలు ఎవలో ఆఫీసరుకు సుత తెలుస్తలేదు. అప్పుడు అన్నను పిలిచిన్రు. అన్న వచ్చి నేల మీద కూసున్నడు. ఒక్కొక్కల కాలరు తిప్పి, లోపటి గుర్తు సూసి, పేరు జెప్పిండు. ఒక్కని తాన ఆగిండు. వీడు అంగీలు మార్చుకుంటడు, జర ఆగున్రి అన్నడు. లోపటి బనీను గుర్తు గూడ సూసి అప్పుడు జెప్పిండు. అన్న జెప్పిన పేర్లే వాళ్ళ వాళ్ళ ఇండ్లకు పోయినయి."

"తర్వాత ఏం జేసిండు చాచా?"

"ఏం జేస్తడు? బతికినోళ్ళ బట్టలు ఉతికిండు. నెత్తురు మరక సల్లనీళ్ళల్లనే పోతది, ఉడుకునీళ్ళు పోస్తే పట్టుకుంటది అన్నడు. గంత సలిల సల్లనీళ్ళు! చేతులు పలిగిపోయి ఆయన నెత్తురే ఆ బట్టలకు అంటుతాండె." ఆయన నావైపు తిరిగాడు. "అన్న యుద్ధం జెయ్యలేదు అన్నది ఎవడు?"

వాళ్ళిద్దరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎరువుల దుకాణం ఆయనను మనసులో తిడుతూనే ఉన్నాను. తెలిసిన తిట్లు అయిపోయాక కొత్తవి కల్పించుకున్నాను.

రాయి చెక్కడం మొదలుపెట్టే ముందు పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. నాయనమ్మను పట్టుకుని వెళ్ళాను. చిన్నాయన తెల్లచొక్కా వేసుకుని ముందు వరుసలో ఉన్నాడు. ఎవరినీ అడగకుండా ఫోను మైకు దగ్గర పెట్టి తొర్రూరు పెద్దాయన మాటలు వినిపించాను. అందరూ చివరిదాకా విన్నారు. ఒకరిద్దరు ముక్కు చీదారు కూడా. సరే, మనుషులే వీళ్ళు అనుకున్నాను.

ఎరువుల దుకాణం ఆయన మైకు అందుకున్నాడు. "తాత గొప్ప పని జేసిండు, కాదంటలేం. ఇంత జేసినోన్ని దోబీ అంటే మనకే నామోషీ గాదా? ఎమ్మెల్యే వస్తాండు, పేపరోళ్ళు వస్తాన్రు. సిపాయి అనే ఉంచుదాం. మీకు గూడ ఇజ్జతే గదా టీచరమ్మా."

ఆ మాటకు చప్పట్లు కొట్టారు. విన్నదంతా విని, కాలరు తిప్పి చూసిన చేతుల గురించి విని, ఆ చేతుల పనే చెరిపేద్దాం అంటున్నారు. అది గౌరవమట! నేను వాళ్ళనొదిలి చిన్నాయన మీద పడ్డాను.

"చిన్నాయినా, నువ్వన్నా జెప్పు. నీ నాయన గదా! ఎవని ఒంటికో ఆయన తల అతికియ్యనీకె నీకు చేతులెట్ల వచ్చినయి?"

చిన్నాయన లేచి నిలబడ్డాడు. "నీకేం బిడ్డా, నువ్వు పట్నంల ఉంటవు. నిన్ను మేడం అంటరు. నేను ఈడ ఉన్న. నన్ను ఇయ్యాల్టికి గూడ ఏమని పిలుస్తరో వీళ్ళనే అడుగు. దోబీ అన్నా గదే, సాకలి అన్నా గదే. రాయి మీద గూడ గదేనా? ఒక్క తాన, ఒక్క తాన అన్న మా నాయన తుపాకి పట్టుకోని నిలవడొద్దా?"

చప్పట్లు కొట్టినవాళ్ళు తలలు దించుకున్నారు. చిన్నాయన మీది కోపం పోలేదు గానీ, ఆయనను అలా పిలిచి పిలిచి ఆ ఫ్లెక్సీ దాకా తెచ్చిన నోళ్ళ మీదికి సగం మళ్ళింది. అవన్నీ ఆ గదిలోనే కూర్చుని ఉన్నాయి.

నాయనమ్మ నా చెయ్యి వదిలించుకుని రెండడుగులు ముందుకు వేసింది. కొడుకు భుజం మీద చెయ్యి వేసింది, మొహం మాత్రం కమిటీవైపు పెట్టింది.

"ఆయన అంతమంది పేర్లు జెప్పిండు. ఒక్కనిది గూడ తప్పు జెప్పలే. ఆయనది మీరు తప్పు రాస్తాన్రు. దోబీ అని రాస్తే రాయిన్రి. లేకుంటే ఆ రాయి మీద ఆయన పేరే వద్దు."

"అవ్వా, జర ఆలోచన జెయ్యి, ఇసొంటి మోకా మళ్ళ మళ్ళ రాదు" అన్నాడు ఎరువుల దుకాణం ఆయన.

"జేసే అంటాన" అంది నాయనమ్మ.

వాళ్ళు ఆలోచించింది మాత్రం ఏమీ లేదు. పేరు తీసేశారు. రాయి నిలబెట్టిన రోజు ఎమ్మెల్యే వచ్చి తెర లాగాడు, మైకులో పేర్లు చదివారు, మా ఇంటి దాకా వినబడ్డాయి. మా తాత పేరు లేదు. ఫ్లెక్సీని చిన్నాయనే దించేశాడు. నాతో మాట్లాడటం మానేశాడు, తల్లికి మాత్రం రోజూ మాత్రలు తెచ్చిస్తున్నాడు.

నేను ఊరుకోలేదు. పంచాయతీకి అర్జీ ఇచ్చాను, ఎమ్మెల్యే ఆఫీసుకు పోయాను, తొర్రూరు పెద్దాయన మాటలను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దండం పెట్టే బొమ్మలు బోలెడు వచ్చాయి. రాయి దగ్గరికి ఒక్కడూ ఉలి పట్టుకుని రాలేదు. పంచాయతీ ఆఫీసు ముందు నుంచి పోయినప్పుడల్లా నా కళ్ళు గడ్డపార కోసం వెతుకుతాయి.

నాయనమ్మ ఇప్పుడు మంచం దిగడం లేదు. ఊరికి పోయిన ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని అడుగుతుంది.

"రాసిన్రా బిడ్డా?"

అవునని చెప్పి, ఓ కాగితం మీద రాసుకుని చదివి వినిపిస్తే ఆమెకు తెలియదు. కళ్ళు మూసుకుని ఆ మాట వింటుంది, నెమ్మదిగా పోతుంది. చిన్నాయన కూడా అదే చెయ్యమని వాకిలి దాకా వచ్చి, నా మొహం చూడకుండా చెప్పి పోయాడు. కానీ తాత పేరు పక్కన అబద్ధం వద్దని ఉన్న ఒక్క కోరికా వదులుకోవడానికి సిద్ధపడ్డ మనిషికి నేను అబద్ధం ఎలా చదివి వినిపించను?

"లేదు నాయనమ్మా, ఇంక రాయలే" అంటాను.

"మళ్ళ పోయి అడుగు" అంటుంది.